పట్టుచీరకు చిల్లు పడితే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో పాత బట్టలు దాచుకునే తీరు గురించి రాసిన దగ్గర్నుంచీ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పురుగుల గురించే. నా ఉద్యోగ జీవితమంతా మ్యూజియంలో బట్టల సంరక్షణ విభాగంలోనే గడిచింది కనుక ఆ ఉత్తరాల వెనకున్న బాధ నాకు బాగా తెలుసు. అన్నిటికీ విడివిడిగా రాయలేను. ఒకే రకం ప్రశ్నలను కలిపి, పదిమందికీ పనికొచ్చేవి ఎంచి ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా నాయనమ్మ పెళ్ళినాటి గద్వాల చీర నా దగ్గరుంది. దసరాకి కట్టుకుందామని ట్రంకు పెట్టె తెరిస్తే కొంగు నిండా చిల్లులు. అంచు కూడా రెండు మూడు చోట్ల కొరికేసినట్టుంది. విచిత్రమేమిటంటే చీర ఒంటికి మాత్రం ఏమీ కాలేదు. ఏటేటా కలరా ఉండలు మారుస్తూనే ఉన్నాం. ఇది ఏ పురుగు? మిగతా చీరలకూ పాకుతుందా?
— ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, మీరు విచిత్రం అన్నదాంట్లోనే సగం జవాబుంది. గద్వాల చీర ఒళ్ళు నూలు, కొంగూ అంచూ పట్టు. వేరువేరు పోగుల్ని మగ్గం మీదే ఒకదానితో ఒకటి మెలేసి కలుపుతారు. పట్టు, ఉన్ని జంతువుల నుంచి వచ్చేవి, రెండూ మాంసకృత్తులే. నూలు మొక్క నుంచి వచ్చేది. చిమ్మెట అనే చిన్న రెక్కల పురుగు పిల్లకైనా, కార్పెట్ పురుగు అనే మచ్చల పెంకు పురుగు పిల్లకైనా కావలసిన తిండి మాంసకృత్తులు. అందుకే నూలు ఒంటిని వదిలేసి పట్టు మీద పడి ఉంటాయి. అదే పాత పుస్తకాల్లో తిరిగే వెండిరంగు సిల్వర్‌ఫిష్ అయితే కథ తారుమారయ్యేది. దానికి గంజి ఇష్టం. గంజి పెట్టిన నూలు ఒంటినే ముందు గీరేది.

అయితే పురుగే అని తేల్చేసే ముందు ఒక్కటి చూడండి. ఆ చిల్లులు మడతల వెంట ఉన్నాయా, ఎక్కడబడితే అక్కడ ఉన్నాయా? ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న కొంగులో జరీ బరువుకు పక్కనున్న పట్టు పోగులు నలిగి, ఎండి, గీత గీసినట్టు తెగిపోతాయి. తెగినచోట పోగులు పొడిపొడిగా రాలుతుంటే, చీలిక వరసగా మడత వెంటే పోతుంటే అది పురుగు పని కాదు. వయసు పని, మన మడత పని. మందు ఎంత వేసినా అది ఆగదు, మడత మార్చాల్సిందే. పురుగు కొరికిన చిల్లుకు అంచు వంకరటింకరగా ఉంటుంది. చుట్టుపక్కల బట్ట పైపొర మేసినట్టు పలచబడి ఉంటుంది. కొంగు మీద ఎప్పుడో పెళ్ళిభోజనంలో పడ్డ నెయ్యి మరక, జాకెట్టు తగిలే చోట చెమట మరక ఉన్నచోట ఎక్కువగా కనిపిస్తుంది. ఉప్పు, కొవ్వు తగిలిన పట్టు వాటికి మరింత బలమైన తిండి.

ఇప్పుడు పెట్టెలో వెతకండి. నేల మీద తెల్ల దుప్పటి పరిచి, చీరలన్నీ ఒక్కొక్కటిగా దాని మీదికి తీయండి. ఏటవాలుగా టార్చిలైటు వేసి చూడండి. గోధుమరంగు వెంట్రుకలతో, లోపల ఏమీ లేకుండా డొల్లగా ఉన్న చిన్న చిన్న పొట్టులు రాలితే అది కార్పెట్ పురుగు. పిల్ల పెరిగేకొద్దీ కుబుసం విడుస్తుంది, ఆ కుబుసాలే అవి. సాలెగూటి పోగులాంటి సన్నని గొట్టాలు బట్టకు అంటుకుని, పక్కన ఇసుక రేణువుల్లాంటి గుండు రెట్టలు కనిపిస్తే చిమ్మెట. ఆ రెట్ట చీర రంగులోనే ఉంటుంది. ఎర్ర కొంగు తిన్నదానిది ఎరుపే. దాన్ని దుమ్మనుకుని దులిపేసేవాళ్ళను చాలామందిని చూశాను.

పాకుతుందా అని అడిగారు. పాకుతుంది. పురుగు పిల్లలు నడిచి వెళ్తాయి. అందుకని ఆ చీరను ముందు వేరు చేయండి. మందమైన పాలిథీన్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత నొక్కి తీసేసి, టేపుతో గట్టిగా మూసేయండి. తర్వాత డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. ఇంట్లో పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే పైన ఐసు పెట్టే గదికి అంత చలి నిలకడగా రాదు. థర్మామీటరు పెట్టి చూసుకోండి, లేదా డీప్ ఫ్రీజర్ ఉన్న బంధువుల ఇంట్లో చోటు అడగండి. రెండు వారాలయ్యాక బయటికి తీసి, సంచి విప్పకుండా ఒక రోజంతా గదిలో వదిలేయండి. తొందరపడి విప్పితే చల్లటి పట్టు మీద గాలిలోని తేమ చెమటలా పట్టి, జరీ నల్లబడుతుంది, రంగు కారుతుంది. మూసిన సంచిలో ఉంటే ఆ చెమట సంచి బయటే పడుతుంది. అద్దాలు, పూసలు, అతికించిన చమ్కీలు, రంగులతో చిత్రించిన బొమ్మలు ఉన్న చీరలకు మాత్రం ఈ పద్ధతి వద్దు.

చీర చలిలో ఉండగా పెట్టె సంగతి చూడండి. మూలల్లో, కడియాల కింద, అడుగున పరిచిన పాత వార్తాపత్రిక మడతల్లో వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చండి. వాక్యూమ్ సంచిలోని దుమ్ము ఇంట్లో ఉంచకుండా అప్పుడే బయట పారేయండి. పత్రిక మళ్ళీ పరచవద్దు, దాని ఆమ్లం పట్టును పసుపెక్కిస్తుంది. గంజి పోయేదాకా ఉతికిన తెల్ల మల్లు గుడ్డ పరచండి. చీరను కూడా మల్లు గుడ్డలోనే చుట్టండి.

ఇక కలరా ఉండలు. అవి పురుగును చంపాలంటే ఆవిరి పెట్టె నిండా గట్టిగా నిలవాలి. మన ట్రంకు పెట్టెల మూతలు అంత బిగువుగా ఉండవు. పెట్టెలో మిగిలేది వాసన మాత్రమే, పురుగు పిల్లలు దానికి ఓర్చుకుని తింటూనే ఉంటాయి. పైగా ఆవిరి గాలికన్నా బరువు. మనం అడుగున వేస్తే పై చీరల దాకా రానే రాదు. ఇంకా ముఖ్యమైన మాట: జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పసిపిల్లలకు కలరా ఉండల్లోని నాఫ్తలీన్ సోకిన బట్టలు కట్టబెడితే ఎర్రరక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. పురిటింట్లో పాత పట్టుగుడ్డల్లో బిడ్డను పడుకోబెట్టే మన ఇళ్ళలో ఈ సంగతి తెలియాలి. నేను మాత్రం కలరా ఉండల్ని ఏ బట్టల పెట్టెలోనూ పెట్టనివ్వను.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా ఊరి గుడిలో తాతల నాటి కలంకారీ తెర ఒకటుంది. రామాయణం కథంతా గళ్ళుగళ్ళుగా రాసింది. ఉత్సవాలకు మాత్రమే తీస్తాం. ఈసారి తీస్తే నల్ల గీతలున్న చోటల్లా బట్ట ఊడిపోతోంది. కింది వైపు ఎలుకలు కూడా కొట్టాయి. పురుగుల మందు కొట్టించమని కొందరంటున్నారు, ఉతికించమని కొందరు. ఏం చెయ్యాలి?
— ఆలయ కమిటీ సభ్యుడు, చిత్తూరు జిల్లా

జవాబు: తమ్ముడూ, ముందుగా రెండూ ఆపించండి. మందూ వద్దు, ఉతుకూ వద్దు.

నల్ల గీతలున్న చోటే బట్ట పోతోందని మీరు గమనించి రాశారు, ఆ గమనికే మీ తెరను కాపాడుతుంది. శ్రీకాళహస్తి పద్ధతిలో నలుపు ఎలా వస్తుందో మీ ప్రాంతంలో చాలామందికి తెలుసు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో నానబెట్టి తీసిన కసీమిని, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కలంతో గీస్తే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి ఇచ్చే ఆ నలుపు ఎంత అందమైనదో అంత కఠినమైనది. కాలం గడిచేకొద్దీ ఆ ఇనుమే కింది నూలును తినేస్తుంది. తేమ తగిలితే మరీ వేగంగా తింటుంది. ప్రపంచంలో ఎక్కడి మ్యూజియంలోనైనా పాత అద్దకం గుడ్డల్లో నలుపు గీత రాలిపోయి, దాని చుట్టూ ఎరుపు, నీలం నిలిచి ఉండటం చూడొచ్చు. మన కోరమాండల్ తీరం నుంచి 17, 18 శతాబ్దాల్లో ఓడలెక్కి వెళ్ళిన గుడ్డలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని చూసుకునేవాళ్ళకూ ఇదే దిగులు. ఇందులో పురుగు దోషం లేదు. మందు కొడితే దాని నూనె, నీరు ఆ గీతల్లోకి దిగి ఇంకా తొందరగా చెడగొడతాయి. ఉతికితే గీతలన్నీ నీళ్ళలోనే ఉండిపోతాయి.

ఎలుకల సంగతి వేరు, అది నిజమైన ప్రమాదం. కలంకారీ గుడ్డకు కరక్కాయతో పాటు గేదెపాలు పట్టిస్తారు. ఆ పాల కొవ్వు, దానికి తోడు గుడిలో దీపాల నూనె, నెయ్యి చిందులు, ప్రసాదం చేతులు. ఎలుకకూ బొద్దింకకూ ఇంతకన్నా ఏం కావాలి? గర్భగుడి పక్క గదిలో, పాత దండలూ కొబ్బరి చిప్పలూ పడేసే మూలలో తెరను ఉంచారేమో చూడండి. ఉంటే ఈ రోజే మార్చండి. ఎండిన పూలలో, పుప్పొడిలో కార్పెట్ పురుగు పెద్దలు తిరుగుతాయి. మ్యూజియం గదుల్లోకి తాజా పూల గుత్తులు రానివ్వకపోవడానికి కారణం అదే. గుడిలో పూలు లేకుండా ఎలా, ఉండాల్సిందే. తెర మాత్రం వేరే గదిలో ఉండాలి.

దాచేటప్పుడు మడవకండి. బారుపాటి ప్లాస్టిక్ గొట్టం, తెర వెడల్పుకన్నా జానెడు ఎక్కువ పొడుగున్నది, తెప్పించండి. దాని చుట్టూ ఉతికిన మల్లు గుడ్డ రెండు మూడు చుట్లు చుట్టండి. తెరను బొమ్మ బయటి వైపుకు ఉండేలా, మధ్యలో ఇంకో మల్లు గుడ్డ పొర వేస్తూ, వదులుగా చుట్టండి. సుతిలి తాడుతో, రబ్బరు బ్యాండుతో బిగించవద్దు. వెడల్పాటి నూలు పట్టీతో కట్టండి. గొట్టం రెండు చివర్లూ రెండు స్టాండ్ల మీద ఆనాలి. గోడకు తగలకూడదు, నేలకు తగలకూడదు. చెద గోడ వెంట, నేల వెంట మట్టి సొరంగం కట్టుకునే వస్తుంది. గోడకూ తెరకూ మధ్య మనిషి చెయ్యి పట్టే సందు ఉంటే ఆ సొరంగం కంటికి కనిపిస్తుంది.

ఊడిపోయిన చోట్ల మీ ఊళ్ళో ఎవరిచేతా కుట్టించకండి, ఫెవికాల్ పెట్టి అతికించకండి. రాలిన ముక్కల్ని ఒక కవరులో దాచండి, ఏ గడిలోంచి రాలాయో పెన్సిల్‌తో రాయండి. తర్వాత దేవాదాయ శాఖకు గానీ, పురావస్తు శాఖకు గానీ ఫోటోలతో అర్జీ పెట్టండి. లక్నోలోని జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ ప్రయోగశాల వంటి చోట్ల ఇలాంటి గుడ్డను వెనక నుంచి మరో పల్చటి గుడ్డ ఆసరాతో నిలబెట్టే నేర్పు ఉన్నవాళ్ళు ఉంటారు. దయచేసి కమిటీలో ఈ జవాబు చదివి వినిపించండి. ఇలాంటి తెరలు మళ్ళీ పుట్టవు.

ప్రశ్న: వేపాకు, లవంగాలు, వస కొమ్ము. మా అమ్మ ఇవే వాడేది. వీటికి నిజంగా శక్తి ఉందా, లేక నమ్మకమేనా?
— గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: శక్తి ఉంది, హద్దు కూడా ఉంది. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తాళపత్రాల కోసం వస, నల్లజీలకర్ర, దాల్చినచెక్క, మిరియాలు, లవంగాల పొడిలో కర్పూరం కలిపి చిన్న మూటలు కట్టి పెట్టే పద్ధతి ఉండేది. ఇవి కొత్తగా వచ్చే పురుగును అడ్డగిస్తాయి. అప్పటికే బట్టలో ఉన్న గుడ్డును, పిల్లను చంపవు. వాసన తగ్గిన రోజున అడ్డూ తొలగిపోతుంది కనుక మూడు నెలలకోసారి మార్చాలి. మూటను పల్చటి గుడ్డలో కట్టి చీరకు తగలకుండా మూలన పెట్టండి. వేపాకు మాత్రం పచ్చిది ఎప్పుడూ వద్దు. తడి వదిలి మరక చేస్తుంది, బూజు తెస్తుంది. బాగా ఎండినా పొడిపొడి అయి మడతల్లో దూరి తనే పురుగుకు తావవుతుంది. అందుకే నేను ఆకు కన్నా వస కొమ్మునే ఇష్టపడతాను. అమ్మగారు మూడు నెలలకోసారి పెట్టె తీసి ఆకు మార్చేవారు కదా, ఆ తీయడమే చాలా పని చేసి ఉంటుంది. ఈ పురుగు పిల్లలకు వెలుతురు, కదలిక గిట్టవు.

ప్రశ్న: ఆంటీ, నేను న్యూజెర్సీలో ఉంటాను. అమ్మ ఇచ్చిన కంచి, ధర్మవరం చీరలు క్లోసెట్‌లో వులెన్ కోట్ల పక్కనే వేలాడదీశాను. ఈ మధ్య బంగారు రంగు చిన్న పురుగులు గోడ మీద పరుగెత్తుతున్నాయి. ఇక్కడ అందరూ సీడర్ చెక్క పెట్టుకోమంటున్నారు. అది చాలా?
— ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: తల్లీ, అది చాలదు. గడ్డిరంగులో మెరుస్తూ, దీపం దగ్గరికి రాకుండా చీకటి వైపుకు పరుగెత్తేది బట్టల చిమ్మెటే. మన ఊళ్ళలో వానాకాలం లైటు చుట్టూ ముసిరేవి వేరే జాతులు, బట్టలకు వాటితో బెంగ లేదు. కనిపించేది పెద్ద పురుగు. దానికి తినే నోరే లేదు. జత కట్టి, గుడ్లు పెట్టి పోతుంది. ఒక్కో ఆడది నలభై యాభై దాకా పెడుతుంది. తినేది అందులోంచి వచ్చే పిల్ల, అది కోటు కాలరు కింద, జేబు లోపల, కుట్టు మడతల్లో దాక్కుంటుంది. గోడ మీద ఒకదాన్ని కొట్టి చంపి ఊరుకుంటే లోపలి పని సాగుతూనే ఉంటుంది.

సీడర్ చెక్కలోని వాసన నూనె తాజాగా ఉన్నప్పుడు అప్పుడే పుట్టిన పురుగు పిల్లలకు హాని చేస్తుంది. ఎదిగిన పురుగు పిల్లలకు ఏమీ కాదు. కొన్నేళ్ళకు నూనె ఎగిరిపోయి మామూలు చెక్క మిగులుతుంది. పైగా చెక్క నూనె పట్టుకు తగిలితే మరక.

ముందు ఆ కోట్లను చీరల నుంచి విడదీయి. ఉన్నికి చిమ్మెట ఎక్కువ ఆశపడుతుంది, పట్టు పక్కనుంటే దాన్నీ వదలదు. కోట్లు డ్రైక్లీనింగుకు ఇచ్చేయి, ఆ ద్రావకంలో గుడ్డు దగ్గర్నుంచి అన్నీ చస్తాయి. ఇకనుంచి చలికాలం అయ్యాక మురికి కోటును అలాగే దాచకుండా, శుభ్రం చేయించి సంచిలో మూసి పెట్టు. చీరలకు పైన మహబూబ్‌నగర్ అమ్మాయికి చెప్పిన చలి పద్ధతే. మీ ఇళ్ళలో గరాజ్‌లో పెద్ద ఫ్రీజర్లు ఉంటాయి కదా, నీకు సులువు. చీరల్ని హ్యాంగర్‌కు వేలాడదీయడం కూడా మానేయి. కంచి చీర జరీ బరువుకు హ్యాంగర్ తగిలే గీత దగ్గరే ముందు చీలుతుంది.

క్లోసెట్ నేల అంచులు, కార్పెట్ గోడకు కలిసే చోటు, హీటర్ గొట్టాల చుట్టూ వాక్యూమ్ పెట్టు. అక్కడ పోగయ్యే జుట్టు, పెంపుడు కుక్క బొచ్చు మీదే ఇవి బతుకుతాయి. తర్వాత ఫెరొమోన్ ట్రాప్ ఒకటి పెట్టు. ఆడపురుగు వాసన పూసిన జిగురు అట్ట అది. మగవి వచ్చి అంటుకుంటాయి. దానితో పురుగు పోతుందని కాదు, ఎక్కడుందో, పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. 2017లో ఇంగ్లండ్‌లో చారిత్రక కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ ఇలాంటి ట్రాప్‌లను సందర్శకులకు ఉచితంగా పంచి, వాళ్ళ ఇళ్ళలో ఎన్ని పడ్డాయో చెప్పమని అడిగింది. కోటల్లో పురుగు పోరాటానికి ఇళ్ళలోని లెక్క కూడా కావాలని వాళ్ళు గుర్తించడం నాకెంతో నచ్చింది. ఇండియా వచ్చేటప్పుడు చీరలు తెస్తే, ఆ సూట్‌కేసు అమ్మ బీరువా పక్కన విప్పవద్దు. బాల్కనీలో విప్పి, దులిపి, చూసి లోపలికి తీసుకురా.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. సాలార్‌జంగ్ మ్యూజియంలో శాలువాలు, పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా చూశాను. రెండంతస్తుల అంత పెద్ద చెక్క బీరువాలో ఉంచిన బట్టలను పురుగు నుంచి ఎలా కాపాడతారు? మ్యూజియంలలో ఏ మందు వాడతారు?
— ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: నాన్నా, మంచి ప్రశ్న. ఫలానా మ్యూజియంలో ఏం చేస్తారో వాళ్ళే చెప్పాలి. మా వృత్తిలో అందరూ నడిచే దారి మాత్రం చెబుతాను.

ఒకప్పుడు మందులే. 19వ శతాబ్దంలో, 20వ శతాబ్దం మొదటి సగంలో ఐరోపా, అమెరికా మ్యూజియంలలో జంతు చర్మాలకు, ఈకల కిరీటాలకు, ఉన్ని బట్టలకు ఆర్సెనిక్, పాదరస లవణాలు పూశారు. తర్వాత డీడీటీ వచ్చింది. ఆ పాపం తర్వాతి తరాల మీద పడింది. అమెరికాలో 1990లో వచ్చిన చట్టం ప్రకారం ఆదివాసుల పవిత్ర వస్తువులను మ్యూజియంలు వాళ్ళకు తిరిగి ఇవ్వడం మొదలయింది. హోపి తెగకు తిరిగొచ్చిన కొన్ని వస్తువుల్లో ఆర్సెనిక్ ఉందని పరీక్షల్లో తేలింది. వాళ్ళకవి అద్దాల వెనక చూసే బొమ్మలు కావు, ముఖానికి ధరించి పూజలో వాడేవి. మందు కొట్టడమంటే ఆ పూటతో పోయేది కాదు. అది బట్టలో ఉండిపోతుంది, వందేళ్ళ తర్వాత ముట్టుకున్నవాళ్ళ చేతికి అంటుతుంది. మన పాత సేకరణల్లో పనిచేసే కుర్రవాళ్ళకు నేను చేతొడుగులు, మాస్కు లేకుండా పాత బొచ్చు శాలువా ముట్టనిచ్చేదాన్ని కాదు.

అందుకే ఇప్పుడు దారి మారింది. రోజువారీ పనిలో ఎక్కువ భాగం కాపలా. మ్యూజియంలోకి వచ్చే ప్రతి వస్తువూ ముందు విడి గదిలో సంచిలో మూసి ఉంటుంది, నిజాం తొడిగిన అచ్కన్ (పొడవాటి కోటు) అయినా, అద్దె కుర్చీ అయినా. కిటికీ గట్టుల మీద చచ్చిపడిన పురుగుల్ని ఏరి చూస్తారు. రెండు మూడు మిల్లీమీటర్ల మచ్చల పురుగు అక్కడ కనిపిస్తే, కార్పెట్ పురుగు పెద్దది వెలుతురు కోసం బయటికి పోబోయిందన్నమాట. అప్పుడు దాని పిల్లలు లోపల ఎక్కడున్నాయో వెతకాలి. హైదరాబాద్‌లో ఆ వెతుకులాట తరచూ పావురాల దగ్గరికి తీసుకెళ్తుంది. వెంటిలేటర్లో, కార్నిసు మీద పావురం గూడు, రాలిన ఈకలు, చచ్చిన పిల్ల. ఈకంటే మాంసకృత్తే కదా. అక్కడ పెరిగిన పురుగు వెంటిలేటర్ దిగి శాలువా దగ్గరికి వస్తుంది. గూళ్ళు తీయించి జాలీ కొట్టించకుండా లోపల ఎంత శుభ్రం చేసినా వృథా.

ఇంకో చిక్కు ఉంది. రంగు వెలవకుండా ఉండాలని బట్టల గ్యాలరీలో వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వం. నీకు ఆ గదులు మసకగా అనిపించి ఉంటాయి. ఆ మసకే చిమ్మెటకు ఇష్టం. బట్టకు మంచిది పురుగుకూ మంచిదయిన చోట మనిషి కన్నే నిలబడాలి, అందుకే టార్చి పట్టుకుని మూల మూలా చూసే మనిషి ఉండి తీరాలి. మ్యూజియంలకు డబ్బు తగ్గినప్పుడల్లా ముందు తీసేసేది ఆ మనిషినే. అది నన్ను చాలా బాధపెడుతుంది.

పురుగు దొరికాక చంపే పద్ధతులూ విషం లేనివే. ఒకటి చలి, పైన చెప్పాను. రెండోది గాలి మార్చడం. గాలి చొరని పొరతో వస్తువును మూసి, లోపల నైట్రోజన్ నింపి, ఆక్సిజన్‌ను అర శాతం కన్నా కిందికి తెచ్చి మూడు వారాలు ఉంచితే గుడ్డుతో సహా చస్తాయి. చలి పడని పూసల పని, రంగుల పని ఉన్నవాటికి ఇది వరం.

చివరిగా నీకు ఆసక్తి కలిగించేది ఒకటి. ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్‌లో బ్లిక్లింగ్ హాల్ అనే పాత భవనం ఉంది. కోవిడ్ లాక్‌డౌన్‌లో మనుషుల అలికిడి లేక అక్కడ చిమ్మెట పెరిగిపోయింది. 2021లో అలాంటి పాత భవనాలను చూసుకునే నేషనల్ ట్రస్ట్ వాళ్ళు అందులో ట్రైకోగ్రామా కందిరీగల్ని వదిలి చూశారు. అర మిల్లీమీటరు ఉండే ఈ రీగ చిమ్మెట గుడ్డులో తన గుడ్డు పెడుతుంది, చిమ్మెట పుట్టదు. రీగ తన బతుకు ముగిశాక దుమ్ములో కలిసిపోతుంది. మీ ఇంట్లో వ్యవసాయం ఉంటే పెద్దవాళ్ళని అడుగు, ట్రైకో కార్డులంటే వాళ్ళకు తెలుస్తుంది. వరిలో కాండం తొలుచు పురుగుకు, చెరకులో పీక పురుగుకు మన రైతులు ఆకులకు గుచ్చే కార్డుల్లో ఉండేది ఆ జాతి రీగే. పొలంలో పనికొచ్చిన ఉపాయం రాజుల పరదాల దగ్గరికి చేరింది. మన మ్యూజియంలలో ఎవరైనా ఈ ప్రయోగం చేపడితే ముందుగా సంతోషించేది నేనే.

ప్రశ్న: మా గోడల మీద దోసగింజ ఆకారంలో, బూడిదరంగు సంచుల్లాంటివి వేలాడుతుంటాయి. రెండు వైపులా తల బయటపెట్టి నడుస్తుంది. ఇది చీరలు తింటుందా?
— పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అది కూడా చిమ్మెట బంధువే. ఆ సంచి దాని ఇల్లు, ఇసుక, దుమ్ము, పోగులతో కట్టుకుంటుంది. ఎక్కువగా పాత సాలెగూళ్ళు, రాలిన జుట్టు తింటుంది. ఉన్ని దొరికితే అదీ తింటుంది. గోడ మీద కనిపించినందుకు బెదరకండి, కానీ ఇంట్లో బూజు దులిపి చాలా కాలమైందని గుర్తు. గాలిలో తేమ ఎక్కువున్న మీ ఊళ్ళో మరీ పెరుగుతాయి. చీపురుతో కింద పడేసి వదిలేస్తే మళ్ళీ ఎక్కుతాయి, ఏరి బయట పారేయండి. బీరువాను గోడకు నాలుగు వేళ్ళ దూరం జరపండి.

ప్రశ్న: మా తాతగారి హిమ్రూ షేర్వానీ, ఉన్ని దుశ్శాలువా మ్యూజియానికి ఇద్దామనుకుంటున్నాం. శాలువాకు అక్కడక్కడ పురుగు కొట్టింది. ఇచ్చే ముందు డ్రైక్లీనింగ్ చేయించి, రఫ్ఫు చేయించి, మందు చల్లి ఇస్తే మంచిదా?
— పాఠకుడు, వరంగల్

జవాబు: మూడింటిలో ఒక్కటీ చేయించకండి సార్. మీకు మురికిగా కనిపించేది మాకు చరిత్ర కావచ్చు. కాలరు దగ్గరి అత్తరు మరక, జేబులో మిగిలిన పొగాకు పొడి, ఒకప్పటి రఫ్ఫుగాడు వేసిన పాత కుట్టు, ఇవన్నీ ఆ బట్టను తొడిగిన మనిషి ఆనవాళ్ళు. కొత్త రఫ్ఫు పాత కుట్టును కప్పేస్తుంది. హిమ్రూ అంటే నూలు పడుగులో పట్టు పేక, డ్రైక్లీనింగ్ మిషను తిప్పుడుకు వయసు మళ్ళిన పట్టు ఆగదు. మందు సంగతి పైన విద్యార్థికి చెప్పాను.

మీరు చేయవలసింది ఇది. షేర్వానీని, శాలువాను విడివిడిగా రెండు పాలిథీన్ సంచుల్లో మూయండి. పురుగు ఒకదాని నుంచి ఇంకోదానికి పోకూడదు, మ్యూజియానికీ పోకూడదు. సంచిలో పెట్టే ముందు తెల్ల గుడ్డ మీద పరిచి ముందూ వెనకా ఫోటోలు తీయండి, చిల్లులు దగ్గర నుంచి తీయండి. మ్యూజియానికి బట్టలు చేతపట్టుకుని నేరుగా వెళ్ళకండి. ముందు ఫోన్ చేసి, పురుగు ఉందని దాచకుండా చెప్పండి. అది ముందే తెలిస్తే వాళ్ళు విడి గది సిద్ధం చేసుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఈ బట్టల మీద ఇన్నేళ్ళలో ఏమేమి వేశారో రాయించండి: కలరా ఉండలా, గమాక్సినా, డీడీటీ పొడా. ఆ చీటీ మీ తాతగారి పేరూ, ఆయన ఏ సందర్భంలో తొడిగారో రాసిన చీటీ అంత ముఖ్యమైనది. రెండూ పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా పాకుతుంది. చీటీలను సంచి లోపల కాకుండా బయట అతికించండి.